యాప్రాల్ నక్షత్రం, సీతాఫల్‌మండి బూరెలు

మా నర్సాపురంలో క్రిస్మస్ వదిలేసి నేను సికింద్రాబాద్ వెళ్లానంటే మా వీధిలో ఇప్పటికీ కొందరు నమ్మడం లేదు. యాభై ఏడేళ్లలో క్రిస్మస్ పొద్దున నేను మా గుడిలో, అంటే చర్చిలో, ఎడమవైపు మూడో కిటికీ కింద చాప మీద లేకపోవడం ఇదే మొదటిసారి. ఒంట్లో బాగాలేదేమోనని మా ఇంటికి ఫోన్లు కూడా వచ్చాయట. గుడిలో అడిగినవాళ్లకి మా ఆయన హార్మోనియం ముందు కూర్చునే తలూపి ఊరుకున్నారట. ఆయన నాతో రాలేదు. హార్మోనియం వదిలి పండుగ చేసుకోవడం ఆయనకి చేతకాదు.

నేను వెళ్లింది మా అబ్బాయి జోయల్, కోడలు దివ్యల ఇంటికి. యాప్రాల్‌లో మూడో అంతస్తులో అద్దె ఫ్లాటు. దివ్య వాళ్లది విజయనగరం. ఆ పిల్ల పుట్టకముందే వాళ్ల నాన్నగారి ఉద్యోగం పేరుతో వచ్చి సీతాఫల్‌మండిలో స్థిరపడ్డారు. వాళ్లు హిందువులు, మేం క్రైస్తవులం. మే నెలలో రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి, తర్వాత హోటల్లో భోజనం. రెండువైపులవాళ్లం నవ్వుతూ ఫొటోలు దిగాం. అంతా బాగానే జరిగిందనుకున్నాం. కానీ ఆ తర్వాత ఏడు నెలల్లో దివ్య అమ్మానాన్నలు కూతురి ఫ్లాటు గుమ్మం తొక్కలేదు. ఆటో ఎక్కితే ముప్పావు గంట ప్రయాణం, అంతే.

నవంబరులో దివ్య ఫోన్ చేసింది. "అత్తయ్యా, ఈసారి క్రిస్మస్‌కి మీరు ఇక్కడికి రండి. మేం పిలిస్తే అమ్మ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటోంది. మీరుంటే పెద్దవాళ్లు పిలిచినట్టుంటుంది. అమ్మ ఒక్కసారి మా ఇంటికొచ్చి భోంచేస్తే చాలు, నాకింకే గిఫ్టూ వద్దు" అంది. ఆ చివరి మాట దగ్గర పిల్ల గొంతు వణికింది. ఇంక నేను టిక్కెట్టు తీయించక ఏం చేస్తాను?

బయలుదేరే ముందు మా ఆయన ఒక్కటే సలహా ఇచ్చారు. "అక్కడ నీ నోరు కాస్త అదుపులో పెట్టుకో." ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషితో అనాల్సిన మాటేనా అది?

ఆటోలో అరిసెలు

సికింద్రాబాద్‌లో డిసెంబరు పొద్దున అంటే చలి అనే మాటకి అర్థం తెలుస్తుంది. మా ఊళ్లో పల్చటి శాలువా కప్పుకుంటే దాన్నే చలికాలం అంటాం. ఇక్కడ పాలపాకెట్లు తేవడానికి వెళ్లేవాళ్లు కూడా కళ్లు మాత్రమే కనబడేలా మంకీ క్యాపులు పెట్టుకుంటున్నారు. పొద్దున్నే ఒకాయన నాకు గుడ్ మార్నింగ్ చెబితే ఎవరో తెలియక నేను వెనక్కి తిరిగి చూశాను.

నేను దిగిన మర్నాడు గురువారం. పిల్లలిద్దరూ ఆఫీసులకి వెళ్లారు. ఊరికే కూర్చోవడం నాకు రాదు. వియ్యపురాలిని నేనే స్వయంగా వెళ్లి పిలిస్తే ఆవిడ కాదనలేదు కదా అనిపించింది. చెప్పి వెళితే ముందే ఏదో సాకు సిద్ధం చేసుకుంటుందని చెప్పకుండా బయలుదేరాను. నాతోపాటు పెద్ద స్టీలు డబ్బా నిండా అరిసెలు, పైన ఓ వరస కజ్జికాయలు. క్రిస్మస్‌కి మా ఇంట్లో వండిన మొదటి వాయి చుట్టుపక్కల హిందువుల ఇళ్లకే వెళుతుంది. వాళ్లు ఆ డబ్బాని ఖాళీగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి ఇస్తారు. మా వీధిలో ఈ పద్ధతి నేను పుట్టకముందు నుంచీ ఉంది.

ఆటో అతను దారిపొడుగునా వాసన పీలుస్తూనే ఉన్నాడు. "డబ్బాల ఏందమ్మా, మస్తు కమ్మగ వాసన వస్తున్నది?" అని అడిగేశాడు. రెండు అరిసెలు చేతిలో పెట్టాను. "నెయ్యివా? మా దిక్కు సంక్రాంతికే చేస్తరు. మీరు క్రిస్మస్‌కు సుత చేస్తరా?" అని ఆశ్చర్యపోయాడు. అరిసె ఎవరి సొత్తూ కాదని చెప్పాను. ఒక చేత్తో అరిసె తింటూ ఒక చేత్తో ఆటో నడిపాడు. ఆ సన్నటి సందుల్లో, కూరగాయల బళ్ల మధ్య, అరిసెలు ఇచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

దిగేసరికి రెండు వందల ఎనభై అయింది. నా దగ్గర అయిదు వందల నోటు, అతని దగ్గర చిల్లర లేదు. "ఫోన్ల కొట్టుండ్రి అమ్మా" అన్నాడు. నా ఫోనులో ఆ సదుపాయం లేదు. పెట్టించుకోను కూడా. అతన్ని అక్కడే ఉండమని చెప్పి లోపలికి వెళ్లాను.

గుమ్మం ముందు పెద్ద ముగ్గు, గడపకి పచ్చటి పసుపు. మా వియ్యపురాలు సత్యవతిగారు తడిజుట్టు ముడి వేసుకుని వచ్చి తలుపు తీశారు. నన్ను చూడగానే మొహంలో సంతోషం, కంగారు రెండూ కలిసి వచ్చాయి. "ఏటండీ వదినగారూ, చెప్పకుండా వచ్చేసేరు! రండి, రండి" అంటూనే గబగబా వెళ్లి మూలగదికి తెర లాగేశారు. నేనది చూశాను. ఇంట్లో గారెల వాసన గుప్పుమంటోంది. నాకు మాత్రం కాఫీ, పాకెట్టులోంచి తీసిన రెండు బిస్కెట్లు వచ్చాయి. ఒక్క గారె పెట్టలేదు.

సరే, పోనీ అనుకున్నాను. "చిల్లరుంటే ఇవ్వండి వదినగారూ, బయట ఆటో ఉంది" అన్నాను. ఆవిడ బీరువా వైపు ఒకసారి చూసి, "ఇవాళ అవదండి. ఏటీ అనుకోకండి" అన్నారు. పోనీ అరిసెలు గిన్నెలోకి వంచుకుని డబ్బా ఇచ్చేస్తే చక్కిలాలకి పనికొస్తుందన్నాను. "అదీ ఇవాళ అవదండి. తర్వాత మీ అన్నయ్యగారి చేత పంపిస్తాను" అన్నారు. క్రిస్మస్ భోజనానికి రమ్మని పిలిచాను. "చూద్దాం లెండి" అని నేల చూశారు.

నాకు తల కొట్టేసినట్టయింది. చిల్లరా లేదు, గారే లేదు, చివరికి నా డబ్బా కూడా నాకు లేదు. నోరు అదుపులో పెట్టుకోవడానికి నేను పడ్డ కష్టం ఆ దేవుడికే తెలుసు.

ఆటో అతను నా వాలకం చూసి ఏమీ అడగకుండా ఓ ఇరానీ హోటల్ ముందు ఆపాడు. "జెర చాయ్ తాగుండ్రి పెద్దమ్మా. వీళ్ల దగ్గర చిల్లర సుత దొరుకుతది" అన్నాడు. చాయ్ ఇరవై రూపాయలు. నర్సాపురంలో పది రూపాయలకి ఇంతకంటే పెద్ద గ్లాసు ఇస్తారు గానీ, ఈ చిక్కదనం అక్కడ లేదు. ఒప్పుకోవాలి. ఉస్మానియా బిస్కెట్టు ముంచి తినాలన్నాడు. ముంచాను. సగం విరిగి అడుక్కి పోయింది. "సెకను కంటే ఎక్కువ ఉంచొద్దమ్మా" అని అతను నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. అవమానం మాత్రం పోలేదు. ఇంటికి వెళ్లాక పిల్లలతో ఏమీ చెప్పలేదు.

నక్షత్రం బేరం

శుక్రవారం సాయంత్రం దివ్య నన్ను జనరల్ బజారుకి తీసుకెళ్లింది. ఆ వీధుల్లో నక్షత్రాలు వేలాడుతుంటే తల పైకెత్తి నడిచి ఎవరి కాలో తొక్కాను. మా ఊళ్లో వెదురు చీల్చి, పల్చటి రంగు కాగితాలు అంటించి మేమే చేసుకుంటాం. వాన చినుకు పడితే ఆ నక్షత్రం గతి అంతే. ఇక్కడివి ప్లాస్టిక్‌వి, లోపల లైట్లతో సహా వస్తున్నాయి.

అమ్ముతున్నావిడ గట్టి మనిషి. నేను నాలుగు వందల యాభైది రెండు వందలకి అడిగితే, "రెండు నూర్లకు కొనలు రెండు ఇస్త తీస్కో, మిగిలిన మూడు ఇంట్ల చేస్కో" అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. మూడు వందల ఇరవై దగ్గర ఇద్దరం ఆగాం. బేరంలో ఆవిడకి పదికి తొమ్మిది మార్కులు వేశాను.

నేను చూసిన నక్షత్రం మామూలు సైజుది. దివ్య ఒప్పుకోలేదు. "ఇంకా పెద్దది కావాలి అత్తయ్యా. ఆటో దిగగానే అమ్మకి కింద నుంచే కనబడాలి" అంది. దుకాణంలో అన్నిటికంటే పెద్దది ఆరు వందలు పెట్టి కొంది. నిన్నటి సంగతి నా నోటి దాకా వచ్చింది. పిల్ల మొహం చూసి మింగేశాను.

తర్వాత బేకరీ ముందు క్యూలో నిలబడ్డాం. ప్లమ్ కేకు కిలో ఏడు వందలు. నా ముందున్న పెద్దావిడ పూలగౌనులో, చేతికర్రతో, తెలుగులో దుకాణం వాళ్లని దులిపేస్తున్నారు. కిస్‌మిస్‌లు సరిగ్గా నానలేదని ఆవిడ ఫిర్యాదు. నావైపు తిరిగి, తమ ఇంట్లో ఆగస్టులోనే నానబోస్తారని చెప్పారు. "అరిసెల బియ్యం మేం ఒక్కరోజే నానబోస్తాం" అన్నాను. "అంత తొందరేమిటమ్మా?" అన్నారు ఆవిడ.

శనివారం వచ్చిన అతిథి

ఆ నక్షత్రం మా బాల్కనీ కంటే పెద్దదని కట్టేటప్పుడు గానీ తెలియలేదు. ఒక కొన పక్క ఫ్లాటు వాళ్ల బట్టల తీగ మీదికి పోయింది. జోయల్ వెళ్లి వాళ్లని అడిగితే, పండుగ అయ్యేదాకా తువ్వాళ్లు లోపలే ఆరేసుకుంటామన్నారు. మంచివాళ్లు. నేను హాల్లో స్టూలెక్కి రంగు కాగితాల గొలుసులు అంటిస్తున్నాను. కొన్న గొలుసులు నాకు నచ్చవు. కాగితం కత్తిరించి, మైదాపిండి ఉడికించిన జిగురుతో అంటిస్తేనే క్రిస్మస్ వచ్చినట్టు ఉంటుంది. మోచేతుల దాకా జిగురుంది.

ఆ సమయానికి బెల్లు మోగింది. దివ్య వెళ్లి తలుపు తీసి, "నాన్నా!" అని గట్టిగా అరిచింది. మా వియ్యంకుడు రామారావుగారు గుమ్మం అవతల నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో నా డబ్బా.

ఆయన లోపలికి రాగానే చేసిన మొదటి పని, ఊగుతున్న నా స్టూలు పట్టుకోవడం. "దిగండి చెల్లెమ్మా, పడిపోతారు" అన్నారు. నేను దిగాక డబ్బా నా చేతిలో పెట్టారు. నిండా జీడిపప్పు పాకం. జేబులోంచి ఓ కవరు తీశారు. అందులో కరకరలాడే కొత్త వంద నోట్లు అయిదు. "చిల్లర అడిగేరట" అన్నారు.

నాకేమీ అర్థం కాలేదు. "ఇదేమిటన్నయ్యగారూ, రెండు రోజులయ్యాకా?" అన్నాను.

ఆయన నవ్వారు. "మా వైపు మార్గశిర మాసంలో ఆడవాళ్లు గురువారం గురువారం లక్ష్మీదేవి నోము పడతారమ్మా. ఆ రోజు ఇంట్లోంచి పైసా గానీ, గిన్నె గానీ గడప దాటకూడదు. మీరు సరిగ్గా నాలుగో వారం పూజలో దిగేరు. శుక్రవారం అసలే డబ్బివ్వదు. అందుకని శనివారం పొద్దున్నే నన్ను తరిమేసింది. మీరు బాధ పడ్డారని రెండు రోజులూ అన్నం సరిగా తిన్లేదు."

"ఆ ముక్క ఆవిడే చెప్పొచ్చు కదా?"

"మా పూజల గొడవ మీకు ఇబ్బందిగా ఉంటాదని తెర కూడా వేసీసింది" అన్నారాయన. కాస్త ఆగి, "గారెలు కూడా అమ్మవారికి పెట్టినవి. మీరు తినరని..." అంటూ మధ్యలో దగ్గు తెచ్చుకున్నారు.

నిజమే, మేం ప్రసాదం తినం. కానీ ఆ సంగతి వాళ్లకెలా తెలిసింది? మేమెప్పుడూ చెప్పలేదే. అడుగుదామనుకునేలోగా జోయల్ కాఫీ తెచ్చాడు. దివ్య తండ్రి పక్కనే కూర్చుని, "క్రిస్మస్‌కి వస్తున్నారు కదా, అమ్మని కూడా తీసుకురా నాన్నా" అంది.

ఆయన కప్పు కింద పెట్టారు. "అదే చెబుదామని వచ్చేనమ్మా. ఈసారి మీ పండుగ కూడా గురువారమే పడింది. అయిదో వారం, ఆఖరి పూజ. పుష్యంలో మొదటి గురువారం చెయ్యాలి. ఆ రోజు మీ అమ్మ గడప దిగదు" అన్నారు. దివ్య "ఓ" అని ఒక్క మాట అని, ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపు కుళాయి తిప్పిన చప్పుడే వినబడింది. నేను బాల్కనీలోని ఆ పెద్ద నక్షత్రం వైపు చూడకుండా చేతుల జిగురు తుడుచుకున్నాను.

"అయితే మేమే వస్తాం" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆఖరి పూజ రోజున వెళ్లడమంటే ప్రసాదం పెట్టే రోజున వెళ్లడమే. ఆయన మొహం ఒక్కసారి వెలిగి, వెంటనే వాడిపోయింది. ఆయనకీ అదే తట్టినట్టుంది.

మూడు భాషల పాటలు

ఆదివారం సాయంత్రం అపార్టుమెంటుకి క్యారల్స్ బృందం వచ్చింది. మా ఊళ్లో అయితే వీధంతా ఒకే పాట, ఒకే శ్రుతి. యాప్రాల్‌లో దేశం నలుమూలల నుంచీ వచ్చి ఉంటున్నవాళ్లున్నారు. మొదటి పాట ఇంగ్లీషులో, రెండోది మలయాళంలో పాడారు. తెలుగు పాట వంతు వచ్చేసరికి పాడేవాళ్లు తగ్గిపోయారు. ఎవరో నా చేతిలో కంజీర పెట్టారు. నేను మొదలుపెట్టిన శ్రుతి నాకే అందలేదు. రెండో చరణానికి గొంతు పీలగా అయిపోయింది. క్రిస్మస్ తాత ముసుగులో ఉన్నాయన నవ్వాపుకోలేక ముసుగు సర్దుకున్నాడు. హార్మోనియం లేకుండా నేను దేనికీ పనికిరానని ఆ రోజు తెలిసింది. మా ఆయనకి మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

మిగతా మూడు రోజులూ నేను ఒక్కటే ఆలోచించాను. నా చిన్నప్పుడు ఎవరైనా ప్రసాదం ఇస్తే మా అమ్మ వద్దనకుండా రెండు చేతులతో తీసుకునేది. తర్వాత అది పనిమనిషికో పక్కింటికో చేరేది. "వాళ్ల మనసు నొప్పించకూడదు, మన విశ్వాసం తప్పకూడదు" అనేది. ఇన్నేళ్లుగా నేనూ అదే చేస్తున్నాను. కానీ వియ్యపురాలు ఎదురుగా కూర్చుని వడ్డిస్తే విస్తట్లోది ఎక్కడ దాస్తాను? తినేస్తే ఇన్నేళ్ల నా పట్టు ఏమైనట్టు? తినకపోతే దివ్య ఏమవుతుంది? జోయల్‌ని అడిగితే, "నీ ఇష్టం అమ్మా, నేను చెప్పను" అన్నాడు. వాడు అలా అంటే ఇంకా కష్టం.

చెప్పుల వ్యవహారం

క్రిస్మస్ పొద్దున సికింద్రాబాద్‌లోని ఓ పాత రాతి చర్చికి వెళ్లాం. ఎత్తయిన కప్పు, రంగు అద్దాలు, పొడుగాటి బెంచీలు. కూర్చోవడానికి చోటు లేక జనం వరండాలో కూడా నిలబడ్డారు. నేను అలవాటుగా మెట్ల దగ్గర చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. మా గుడిలో చెప్పులతో లోపలికి వెళ్లడం అనే మాటే లేదు. తీరా చూస్తే ఇక్కడ అందరూ బూట్లతో, హైహీల్స్‌తో టకటకలాడుతూ బెంచీల్లోకి వెళుతున్నారు. వెయ్యి మందిలో వట్టి కాళ్లదాన్ని నేనొక్కదాన్నే. ఆ రాతి నేల మీద చలికి పాదాలు కొయ్యబారిపోయాయి.

పాస్టరుగారు ప్రభువు పుట్టిన రాత్రి ఆ తల్లికి సత్రంలో చోటు దొరకకపోవడం గురించి మాట్లాడారు. ఏటా వినే సంగతే. ఈసారి మాత్రం నాకు ఒక తెర లాగిన గది, రెండు బిస్కెట్లు కళ్ల ముందు మెదిలాయి. ఎవరి ఇంట్లో ఎవరికి చోటు లేదో నాకు తేలలేదు. "ప్రభువా, ఈ మధ్యాహ్నం నా నోట తప్పు మాట రానీయకు" అని మాత్రం గట్టిగా ప్రార్థించాను.

బయటికి వస్తే చెప్పులు లేవు. వాచ్‌మన్ పిలిచి, గేటు పక్క గదిలోంచి తెచ్చి ఇచ్చాడు. "ఎవరో మర్చిపోయిన్రనుకొని దాచినమ్మా. గీడ ఎవరూ ఇడవరు" అన్నాడు. బయటూరివాళ్లమని అతనికి ఇంక వేరే చెప్పక్కర్లేదు.

అయిదో వారం

సీతాఫల్‌మండి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. గుమ్మం ముందు మొన్నటికంటే పెద్ద ముగ్గు. సత్యవతిగారు పసుపుపచ్చ చీరలో ఎదురొచ్చారు. ఈసారి మూలగది తెర తీసే ఉంది. లోపల దీపం, పూలు, అమ్మవారి పటం. చర్చికి కట్టుకున్న తెల్లచీరలో నేను అటు చూడాలో వద్దో తెలియక గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

కింద చాపలు వేసి విస్తళ్లు పరిచారు. అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించారు. ప్రసాదం ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాను. అప్పుడు సత్యవతిగారు మూలగదిలోకి వెళ్లలేదు. వంటింటి అలమరలోంచి, మూత పెట్టిన చిన్న స్టీలు గిన్నె తెచ్చారు. మూత తీస్తే బంగారు రంగులో పూర్ణం బూరెలు.

"వదినగారూ, ఇవి వేరండి. అమ్మవారికి పెట్టకముందే తీసి పక్కన పెట్టీసేను. మీరు తినొచ్చు" అన్నారు.

నైవేద్యం కాకుండా వంటలోంచి మెతుకు ముట్టుకోనివ్వరు హిందువుల ఇళ్లలో. అంత మాత్రం నాకూ తెలుసు. దివ్య నోరు తెరిచి చూస్తోంది. "అమ్మా, నువ్వా? చిన్నప్పుడు ఒక్క బూరె ముట్టుకున్నానని నా చెయ్యి వాచిపోయేలా కొట్టావు" అంది.

"కొట్టేను. నోము మొదలెట్టినప్పటి నుంచీ ఇలా చెయ్యడం ఇదే మొదలు. పొద్దున్నే అమ్మవారితో చెప్పుకున్నాను. తప్పయితే నాది" అన్నారావిడ. తర్వాత నావైపు తిరిగారు. "పెళ్లినాడు మీకు అన్నవరం ప్రసాదం ఇచ్చేను, గుర్తుందా? మీరు రెండు చేతుల్తో తీసుకున్నారు. తర్వాత రుమాల్లో చుట్టి సంచిలో పెట్టీసేరు. నేను చూసేను."

నా మొహం మాడిపోయింది. ఆ పొట్లం హోటల్ బయట ఎవరికో ఇచ్చేశాను కూడా.

"కోపం కాదండి" అన్నారు ఆవిడ. "ఎవరి నియమం వాళ్లది. కానీ కూతురింటికి ఖాళీ చేతుల్తో ఎలా వస్తామండి? నా ఇంట్లో ఏటి వండినా దేవుడికి పెట్టిందే. పట్టుకొస్తే మీ అబ్బాయి తింటాడో, సంచిలో పెట్టీసుకుంటాడో తెలీదు. మా పిల్ల మధ్యలో నలిగిపోతాది. అందుకే ఏదో ఒకటి చెప్పి రావడం మానేసేను." అంటూనే ఆవిడ కొంగు కళ్లకి అద్దుకున్నారు.

ఏడు నెలలు! దివ్య గొంతు వణకడానికి కారణం నా రుమాలు. ఆ క్షణంలో నాకు కలిగినంత సిగ్గు జీవితంలో ఎప్పుడూ కలగలేదు. "వదినగారూ, నన్ను క్షమించండి. తినమని నోటితో చెప్పే ధైర్యం లేక దాచుకున్నాను. అదే మర్యాద అనుకున్నాను" అన్నాను. నాకూ కన్నీళ్లు ఆగలేదు.

"మీరు ప్రసాదం దాచేరు, నేను పూజ దాచేను. సరికి సరి" అన్నారు ఆవిడ. రామారావుగారు హమ్మయ్య అన్నట్టు పప్పులో చెయ్యి పెట్టారు.

భోజనం ముందు ప్రార్థన చేసుకోవడం మా అలవాటు. కళ్లు మూసుకుని రెండు మాటలు చెప్పుకున్నాను. కళ్లు తెరిచేసరికి సత్యవతిగారు గిన్నె చేత్తో పట్టుకుని, నా ప్రార్థన అయ్యేదాకా వడ్డించకుండా నిలబడే ఉన్నారు. బూరె తిన్నాను. పైన పల్చటి తోపుపిండి పొర, లోపల యాలకుల వాసనతో మెత్తటి పూర్ణం. ఇంకోటి అడిగాను. మూడోది ఆవిడే వేశారు. మార్కులు వేసే ఓపిక నాకు లేదు.

"ఆదివారం మీ ఇంటికి వస్తాం" అని ఆవిడే అన్నారు. దివ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "శుక్ర, శనివారాలు మేం మాంసం తినం. అందుకని ఆదివారం. మాంసం బాగా వండండి వదినగారూ. మాకేం తీసి పక్కన పెట్టక్కర్లేదు, మీ దేవుడికి ప్రార్థన చేసిందే పెట్టండి. మాకు పట్టింపుల్లేవు, అన్నీ తింటాం."

ఆవిడ ఎంత మెత్తగా అన్నా ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది.

ఆదివారం పన్నెండు గంటలకి బెల్లు మోగింది. దివ్య గరిటె వదిలేసి పరుగెత్తింది. సత్యవతిగారు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, చేతిలో పళ్లబుట్టతో కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చారు. దివ్య ఆవిడ భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడ వీపు నిమురుతూ ఇల్లంతా చూశారు. నా కాగితం గొలుసులు బాగున్నాయన్నారు. అందరం కూర్చున్నాక, ఆ రోజుకి కృతజ్ఞత చెప్పుకోవలసినవి చాలా ఉన్నాయని నేను ప్రార్థన కాస్త పొడుగ్గా చేశాను. రోగులు, ప్రయాణికులు, దేశ నాయకులు అందరూ అయ్యేసరికి ఎదురుగా చిన్న గొంతు వినబడింది.

"వదినగారూ, కూర చల్లారిపోతోందండి."

ఆమెన్ అన్నాను.